అయివారి అయిదు సంతకాలు

నందికొట్కూరు నుంచి తెల్లరాళ్లపల్లెకు ఎద్దుల బండిలో పోతే మూడు గంటలు పడుతుంది. నడిచిపోతే రెండే. ఆ దారిలో బండిని ఎద్దులు లాగవు, ఎక్కినవాళ్లే దిగి నెడతారు. ఆ ఊళ్లో రాళ్లు కాసినంత విరగబడి జొన్న కాసి ఉంటే కర్నూలు జిల్లా మొత్తానికి సంగటి పెట్టేవాళ్లు. ఎండాకాలంలో అక్కడి తొండలు నీడ కోసం మనుషుల వెంబడి నడుస్తాయని చెబుతారు. చూసినవాళ్లు కొందరు ఇంకా బతికే ఉన్నారు కాబట్టి కాదనడానికి వీల్లేదు.

ఆ ఊరి మిషన్ బడికి ఏసురాజు అయివారు. ఒకే గది, అయిదు తరగతులు, అన్నిటికీ ఒకే అయివారు. గుడికి పాదిరి అయ్యగారు నెలకొక ఆదివారమే వచ్చేవాడు. మిగతా ఆదివారాలు వాక్యం చెప్పేది, గంట కొట్టేది, చాపలు పరిచేది ఏసురాజే. మనిషి పొట్టి, గొంతు మాత్రం పొడుగు. ఆయన బడిలో రెండో ఎక్కం చెప్పిస్తుంటే పక్క ఊరి పిల్లలు ఖర్చు లేకుండా చదువుకునేవాళ్లని ప్రతీతి.

జీతం రావడమే మహా గగనమైన ఆ అయివారింట్లో ఒక ట్రంకుపెట్టె ఉండేది. అందులో బట్టలు లేవు, బంగారం లేదు. వేపాకు పరిచి, దాని మీద పాత పంచె మడిచి, ఆ మడతల్లో అయిదు ఇంగ్లీషు పుస్తకాలు దాచిపెట్టేవాడు. అయిదూ అమెరికాలో పేరుమోసిన బేస్‌బాల్ ఆటగాళ్లు తమ జీవితాల గురించి రాసుకున్నవి. అయిదింటిలోనూ మొదటి పేజీలో ఆ ఆటగాడి చేతి సంతకం ఉంది. మద్రాసులో అటువంటి పుస్తకం ఒక్కటైనా ఉందో లేదో గాని, తెల్లరాళ్లపల్లెలో అయిదు ఉన్నాయి.

ఇది ఎట్లా జరిగిందంటే, ఏసురాజు కర్నూలులో మిషన్ బోర్డింగులో ఉండి చదువుకునే రోజుల్లో విట్కమ్ దొర అని లెక్కలు చెప్పే అమెరికా దొర ఒకాయన ఉండేవాడు. సాయంత్రం కాగానే బోర్డింగు పిల్లలందరినీ తుంగభద్ర ఇసుకలోకి తోలుకుపోయి బేస్‌బాల్ ఆడించేవాడు. మన బిళ్ళంగోడు తెలిసి, నాలుగు స్తంభాలాట తెలిసినవాడికి ఆ ఆట సగం వచ్చినట్టే. ఒకడు బంతి విసురుతాడు, ఇంకొకడు కట్టెతో కొడతాడు, కొట్టినవాడు నాలుగు మూలలూ తాకి ఇల్లు చేరాలి. ఏసురాజు కొట్టిన బంతి ఒకసారి ఏటికి అడ్డంగా పోయి నిజాం రాజ్యంలో పడిందట. అనుమతి లేకుండా తెచ్చుకోకూడదని దొర ఆ బంతిని అక్కడే వదిలేశాడట. ఈ ముక్క ఏసురాజే చెప్పేవాడు.

దొర స్వదేశానికి పోయే రోజు వచ్చింది. పిల్లలందరికీ పెన్సిళ్లు ఇచ్చి, ఏసురాజుకు మాత్రం ఒక పుస్తకం ఇచ్చాడు. దొర సొంత ఊళ్లో పుట్టి పెద్ద ఆటగాడైన ఒకాయన రాసుకున్న జీవితకథ అది. మొదటి పేజీలో నల్లసిరాతో సంతకం ఉంది. ఏసురాజు ఆ రాత్రి పుస్తకం చదవలేదు, సంతకమే చూస్తూ కూర్చున్నాడు.

"అచ్చు వేసేది యంత్రం. వెయ్యి పుస్తకాలు వేసినా దానికి చెమట పట్టదు. సంతకం పెట్టినవాడు మాత్రం ఒకసారి ఈ పుస్తకం మీదికి వంగి, ఈ కాగితం మీద చెయ్యి ఆనించినాడు" అనేవాడు తర్వాతి కాలంలో, ఎవరైనా అడిగితే. ఎవరూ అడగకపోయినా అనేవాడు.

తతిమ్మా నాలుగు పుస్తకాలూ ఓబన్న చలవ. ఓబన్న ఆ ఊళ్లో చెప్పులు కుట్టేవాడు, ఏసురాజుకు ఈడుకాడు. దొర బంతిని ఎట్లా కుట్టేవాడో ఏసురాజు వివరించి చెబితే, మేకతోలు పదునుపెట్టి, లోపల ఆదోని పత్తి, చింపిగుడ్డలు గట్టిగా చుట్టి, అచ్చంగా అట్లాంటి బంతి కుట్టాడు. కొడితే రాయిలా పోయేది, పట్టుకుంటే బెల్లం ఉండలా ఉండేది. ఏసురాజు ఆ బంతిని పార్శిలు కట్టి, అమెరికాలో ఒక ఆటగాడికి పంపుతూ ఉత్తరం రాశాడు. "అయ్యా, మీ ఆటకు తొమ్మిదిమంది కావాలి. మా ఊళ్లో ఆడగలిగినవాళ్లు ఎనిమిదిమందే ఉన్నాము. తొమ్మిదో మనిషిగా మీరు పుస్తకరూపంలో వచ్చి చేరవలసిందిగా ప్రార్థన. సంతకం లేకపోతే మీరు వచ్చినట్టు మావాళ్లు నమ్మరు."

ఇట్లా పదిహేనేళ్లలో పదకొండు బంతులు సముద్రం దాటాయి. నాలుగు పుస్తకాలు తిరిగి వచ్చాయి. ప్రతి పుస్తకానికీ ఆరు నెలలు ఎదురుచూపు. టపా మనిషి నందికొట్కూరు దారిలో కనబడితే చాలు, ఓబన్న చేతిలో చెప్పు చేతిలోనే పెట్టుకుని పరుగెత్తుకొచ్చేవాడు.

ఆ అయిదింట్లోనూ ఏసురాజుకు ప్రాణం జెబ్ మాలరీ పుస్తకం. మిగతావాళ్లు ఉత్త సంతకం పెట్టారు. జెబ్ మాలరీ మాత్రం పెద్దపెద్ద వంకర అక్షరాలతో, "కర్నూలు జిల్లాలోని నా జట్టు మనిషి ఏసురాజుకు, బంతి అద్భుతంగా ఉంది" అని రాసి, కింద సంతకం చేశాడు. ఆ మాట విని ఓబన్న మూడు రోజులు ఎవరికీ చెప్పులు కుట్టలేదు. "అమెరికాలో పేరు పోయినోన్ని, మీ తెగిన వార్లు నేను కుట్టాల్నా?" అని కసిరేవాడు.

ఆదివారం ఆరాధన అయిపోయి, సంగటి తిన్న తర్వాత, ఊరు బడి అరుగు మీద చేరేది. ఏసురాజు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, ఇంగ్లీషు చూస్తూ తెలుగులో చెప్పేవాడు. చెప్పేటప్పుడు కొంచెం పోపు పెట్టేవాడు. పుస్తకంలో జెబ్ మాలరీ బంతిని కొడితే అది కంచె దాటుతుంది. ఏసురాజు నోట్లో అదే బంతి పోతున్న రైలుపెట్టెలో పడి, టిక్కెట్టు లేకుండా ఆదోని దాకా ప్రయాణం చేస్తుంది. జెబ్ మాలరీ కాస్తా జెబ్బన్న అయిపోయాడు. ముందు వరుసలో కూర్చునే ఈరక్కకైతే వాడు కొడుకు వరస. ఆమెకు బాప్తీస్మంలో రూతమ్మ అని పేరు పెట్టారు గాని, ఆ పేరుతో పిలిస్తే ఆమె కూడా వెనక్కి తిరిగి ఎవరినా అని చూసేది. డెబ్బై ఏళ్లు దాటిన ఒంటిమనిషి. "మా జెబ్బనికి ఈ తూరి దెబ్బలేం తగల్లేదు గదా?" అని అడిగి గాని కూర్చునేది కాదు.

ఇట్లా ఉండగా పందొమ్మిది వందల ముప్పై అయిదులో వానలు మొహం చాటేశాయి. వేసిన జొన్న మోకాలెత్తున మాడిపోయింది. పత్తి పూత పట్టలేదు. బావుల్లో కడవలకు బదులు గరిటెలు దించారు. అయినా కోతపండుగ నాడు గుడికి పోకుండా ఉండలేరు కదా. పంట చేతికొచ్చాక, ప్రతి ఇంటివాళ్లు తమ పొలంలో పండినదో, ఇంట్లో పెరిగినదో తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. జొన్నలు, గుమ్మడికాయలు, కోళ్లు, గుడ్లు. ఆరాధన తర్వాత వాటిని గుడి ముందర వేలం వేస్తారు. ఒకసారి బలిపీఠం ముందు పెట్టిన వస్తువు దేవునిది. పెట్టినవాడే అయినా ఊరికే వెనక్కి తీసుకోవడానికి లేదు, వేలంలో పాడి తెచ్చుకోవాల్సిందే.

కానుకల వరుసలో మొదటి ఇల్లు అయివారిది. వేలం పిలిచే గొంతూ అయివారిదే. ఆ ఊళ్లో దానికొక కట్టు ఉంది. వేలం పిలిచేవాడు పాట పాడకూడదు, వాడి ఇంటివాళ్లూ పాడకూడదు.

పండుగకు ముందు ఆదివారం ఏసురాజు వాక్యం చెప్పాడు. ఊరంతా వట్టిచేతులతో దిగులుగా ఉంటే ధైర్యం చెప్పాలని కాస్త ఆవేశపడ్డాడు కూడా. "పంట లేదని బాధపడొద్దండి. దేవుడు మీ జొన్నలు అడగలేదు. మీ ఇంట్లో దేన్ని ఇయ్యడానికి చెయ్యి వెనకాడుతుందో, అదే కానుక" అన్నాడు. చాలా బాగా చెప్పానని ఇంటికొచ్చి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

పండుగనాడు పొద్దున్నే చాపలు పరచడానికి ఆయన ముందుగా గుడికి పోయాడు. ఆరాధనలో కానుకల పాట ఎత్తుకున్నారు. ఏసురాజు భార్య విశ్వాసమ్మ, తెల్లటి తువ్వాలు కప్పిన పళ్లెం రెండు చేతులా పట్టుకుని, అందరికన్నా ముందు నడిచి వచ్చింది. ఏసురాజుకు ఆశ్చర్యం, ఆపైన కొంచెం గర్వం. ఇంట్లో కానుక పెట్టేంత గింజ లేదు, కోడిని పోయిన నెలలోనే అమ్మేశారు. ఈమె ఏం సంపాదించిందబ్బా అనుకున్నాడు. పలకగా ఉంది, బెల్లం అచ్చు కాబోలు అనుకున్నాడు.

పాదిరి అయ్యగారు తువ్వాలు తీశాడు. జెబ్ మాలరీ పుస్తకం.

పాటలో ఏసురాజు గొంతు ఆగిపోయింది. ఆ ఊళ్లో ఆయన గొంతు ఆగిపోతే, వాన వెలిసినట్టు అందరికీ తెలుస్తుంది. ఇరవై తలలు వెనక్కి తిరిగి చూశాయి.

దీవెన అయిందో లేదో, ఆయన భార్యను గుడి వెనకాలకు తీసుకుపోయాడు.

"ఏం పని చేస్తివే! అదేమన్నా గుమ్మడికాయనా?"

"నువ్వే గదా చెప్తివి," అంది విశ్వాసమ్మ తాపీగా. "చెయ్యి వెనకాడేది ఏదో అదే కానుక అని. ఇల్లంతా ఎదికితిని. చెంబు పట్టుకుంటే వెనకాడలేదు. చీర పట్టుకుంటే వెనకాడలేదు. ఆ పుస్తకం ముట్టుకుంటే నీ చెయ్యి గూడా నా చెయ్యిలోకొచ్చి వణికె. ఇదే గాబోలు అనుకుంటిని."

"అది వాక్యం! వాక్యం మందికి చెప్పేది!"

"మనం మందిలో లేమా?"

ఏసురాజు నోరు తెరిచాడు. ఆయన్ని మాట్లాడనివ్వకుండా ఆమె మెత్తగా అంది, "అయిదు ఉండాయి గదా. ఒగటి దేవునికిస్తే నాలుగుంటాయి. అయినా నువ్వే పాడి తెచ్చుకో."

"నేనెట్లా పాడేది? నేనే గదా పిలవాల!"

అప్పుడు విశ్వాసమ్మ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు ఆ సంగతి నిజంగానే తోచలేదు.

గుడి ముందర వేలానికి ఊరు చేరింది. బయటివాడు ఒక్కడే, నందికొట్కూరులో నశ్యం అంగడి పెట్టిన నారాయణ శెట్టి. ప్రతి ఏడూ వచ్చి కోళ్లు, గుమ్మడికాయలు కొనుక్కుపోయేవాడు. చెడ్డవాడేమీ కాదు. ఎదుటివాడు తుమ్మితే చిరంజీవ అని ఆయన అన్నంత గట్టిగా ఎవరూ అనరు, తుమ్ము ఆయన సరుకే కాబట్టి. ఆయనకు ఎప్పుడూ ఒకటే కొరత, పొట్లాలకు మంచి కాగితం. పేపరు కాగితంలో కడితే పొడుం చెమ్మ తగిలి ముద్దవుతుంది. దళసరి కాగితం కావాలి.

ఆ ఏడు కానుకలు దోసెడే. ఏడు గుడ్లు, ఎముకలు లెక్కపెట్టుకోదగ్గ ఒక కోడి, ఒక గుమ్మడికాయ, రెండు కుంచాల కొర్రలు. ఒక గుడ్డును కొన్నవాడు మళ్లీ దేవునికే ఇచ్చేశాడు, దాన్ని ఇంకొకడు కొన్నాడు. అట్లా ఆ గుడ్డు నాలుగు చేతులు మారింది. ఇంకొంచెంసేపు అయితే పిల్ల అయ్యేది. కోడి శెట్టికి పోయింది.

చివరికి పళ్లెంలో పుస్తకం మిగిలింది. ఏసురాజు దాన్ని పైకెత్తాడు. మామూలుగా గుమ్మడికాయను ఎత్తితే, అది ఎంత తీపో, దాని తీగ ఎంత పొడుగో, దాని తాతలెవరో చెప్పేవాడు. ఇప్పుడు, "ఇది... పుస్తకం" అన్నాడు.

నారాయణ శెట్టి దగ్గరికి వచ్చి, ఒక పేజీని రెండు వేళ్ల మధ్య పట్టి నలిపి చూశాడు. మొహం వెలిగింది. "ఇదీ కాగితమంటే! మూడు నూర్ల పేజీలుండవూ? ఒక్కోదానికి నాలుగు పొట్లాలు. అయివోరూ, నాది రూపాయి పాట."

ఆ ఏడు ఆ ఊళ్లో రూపాయి బిళ్లను చూసినవాళ్లే తక్కువ.

"రూపాయి, ఒకటోసారి," అన్నాడు ఏసురాజు. తర్వాత దగ్గాడు. నీళ్లు అడిగాడు. నీళ్లు నెమ్మదిగా తాగాడు. పుస్తకం అట్ట ఏ రంగో చెప్పాడు, వెనక అట్ట ఏ రంగో చెప్పాడు. "రూపాయి, రెండోసారి" అని, ఎండ ఎక్కువగా ఉంది, అందరూ నీడకు జరగండి అన్నాడు. జరిగారు. మళ్లీ ఇటు జరగండి అన్నాడు.

"మూడోసారి అనప్పా," అన్నాడు శెట్టి. "బండి కట్టిపెట్టి వస్తిని, ఎద్దులు ఎండలో ఉండాయి."

ఏసురాజుకు పుస్తకం మొదటి పేజీ బొటనవేలికి తగులుతూ ఉంది. నా జట్టు మనిషి ఏసురాజుకు అన్న అక్షరాల్లో పొడుం కట్టి, ఎవరో ముక్కులోకి పీల్చి, ఆ కాగితాన్ని ఉండచేసి పారేస్తారు. మూడోసారి అనే మాట ఇంత బరువుంటుందని ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు.

అప్పుడు ముందు వరుసలో ఈరక్క, చేతికర్ర ఆసరాతో లేచి నిలబడింది. ఏసురాజు వైపు చూడకుండా పాదిరి అయ్యగారినే అడిగింది.

"అయ్యగారూ, గుడికి గోడ కట్టాల అంటాండారు గదా?"

"అవునమ్మా." గోడ లేక మేకలు నేరుగా గుడిలోకే వచ్చేవి. పోయిన క్రిస్మసుకు ఒక మేక ప్రసంగం మధ్యలో బలిపీఠం మీది పూలు తినిపోయింది.

"ఆ గోడ దుడ్లతో లేస్తుందా, రాళ్లతో లేస్తుందా?"

అయ్యగారు నవ్వాడు. "రాళ్లతోనే."

"అట్లయితే నా పాట రెండు దినాలు. గుట్ట కాడినుంచి రాళ్లు మోస్తా."

శెట్టి తల గోక్కున్నాడు. "ఇదేం పాటమ్మా! నేను రెండు రూపాయలంటే?"

"ఆ రెండు దినాలకు నావి అయిదు కలుపు," అని ఓబన్న వెనకనుంచి అరిచాడు. "అందులో రాసిన బంతి నేను కుట్టినా. దాన్లో పొడుం కడితే నా తోలు మీద కట్టినట్టే."

"మా ఇంటిది, నేను, ఇద్దరం కలిసి నాలుగు."

"మావి మూడు వేసుకో. మా యప్ప కుంటోడు, కూచోని రాళ్లు చెక్కుతాడు, అది గూడా కలుపు."

"నాది ఒగ దినం. బిడ్డ సంకలో ఉండాది, రెండో చేత్తో మోస్తా."

ఏసురాజు ఎవరి వైపు చూడాలో తెలియక, వేలు ఒకరి తర్వాత ఒకరి మీదికి చూపుతూ, "ఇది... ఇది ఎవరి పాట? ఒక్కరి పేరు చెప్పండి. ఎవరి పాటని పిలవాల?" అన్నాడు.

"ఊరి పాట అని పిలువు," అంది ఈరక్క.

శెట్టి మళ్లీ పుస్తకం వైపు, ఈసారి అనుమానంగా చూశాడు. "ఒరే, ఈ కాగితంలో ఏముండాదప్పా? నిధి దారి ఏమైనా రాసిండాదా?"

"మా జెబ్బడుండాడు," అంది ఈరక్క. "నీకు కావాలంటే నువ్వు గూడా గుట్ట ఎక్కు. ఎన్ని దినాలు మోస్తావో చెప్పు, శెట్టీ."

నారాయణ శెట్టి తన పొట్ట చూసుకున్నాడు, గుట్ట చూశాడు. "ఒక్కనితో పాడొచ్చు గాని ఊరితో ఎట్లా పాడేది? ఇంతమంది చెమట పోసిన కాగితంలో పొడుం కడితే, పీల్చినోనికి తుమ్ము గూడా రాదు. నాకొద్దు తల్లీ." పక్కకు తప్పుకున్నాడు.

ఇప్పుడు మూడోసారి అనాలి. ఏసురాజు నోరు తెరిచాడు. పక్క ఊరి పిల్లలకు ఎక్కాలు నేర్పిన గొంతు బయటికి రాలేదు. రెండు సార్లు ప్రయత్నించాడు. కళ్లు తుడుచుకున్నాడు. చూసి చూసి విశ్వాసమ్మ ఖాళీ పళ్లెం అందుకుని, ఆయన నీళ్లు తాగిన చెంబుతో ఠంగుమని కొట్టి, "ఊరి పాట, మూడోసారి!" అంది. వేలం చరిత్రలో ఆడమనిషి పిలిచిన మొదటి పాట అదే. అయ్యగారు కాదనలేదు.

ఏసురాజు పుస్తకాన్ని గుండెకు హత్తుకోబోయాడు. ఈరక్క చెయ్యి చాపింది.

"ఇట్లియ్యి. అది నీది గాదు ఇప్పుడు."

ఇచ్చాడు. ఆమె మొదటి పేజీ తెరిచి, సంతకం మీద వేలు పెట్టి, "ఇదేనా వాని చెయ్యి పడింది?" అని అడిగింది.

"అక్కడే అవ్వా."

"వంకరగా ఉండాది. నా మాదిరే. మంచోడే." మూసి మళ్లీ ఆయన చేతిలో పెట్టింది. "చదివేది నువ్వే. మాకేమన్నా వచ్చునా? అయితే ఒగ మాట. ఇది మా పుస్తకం. మా దాంట్లో ఏం రాసిండాదో అదే చెప్పాల. నీ పోపు వద్దు."

"పోపా?" అన్నాడు ఏసురాజు, అమాయకంగా.

"మాకు తెల్దనుకుంటివా? ఒగే బంతి పోయినేడు ఆదోనిలో పడె, ఈ యేడు గుంతకల్లులో పడె. నువ్వు చెప్పేది బాగుంటాదని ఊరుకుంటిమి."

జనం గొల్లున నవ్వారు. అందరికన్నా ఎక్కువగా విశ్వాసమ్మ నవ్వింది. ఏసురాజు కూడా నవ్వాడు, వేరే దారి లేక.

సోమవారం తెల్లవారగానే ఏసురాజు బడికి సెలవు ప్రకటించి, తలగుడ్డ చుట్టుకుని గుట్ట దగ్గరికి పోయాడు. ఈరక్క అప్పటికే ఒక రాయి తలకెత్తుకుని వస్తోంది. ఆయన ఎదురుపోయి చేతులు చాపాడు.

"అవ్వా, నా కోసం పాడితివి. నీ రెండు దినాలు నేను మోస్తా. నాకియ్యి."

"యాడనన్నా ఉండాదా అయివోరూ? నేను దేవునికిచ్చింది నువ్వు గుంజుకుంటావా? పక్కకు పో."

ఓబన్న దగ్గరికి పోయాడు. ఓబన్న బూతు ఒకటి తిట్టి, రాయి ఇంకో భుజానికి మార్చుకుని పోయాడు. ఎవరి రాయీ ఎవరూ ఇవ్వలేదు. ఏసురాజు గుట్టకూ గుడికీ మధ్య తలగుడ్డ చుట్టుకుని వట్టిచేతులతో నిలబడిపోయాడు. జీవితంలో ఎవరికైనా మేలు చేయడానికి ఇంత కష్టపడింది లేదు.

"ఊరికే నిలబడితే ఎండకు సొమ్మసిల్లి పడతావు," అంది ఈరక్క, వెనక్కి వస్తూ. "పోయి పుస్తకం తెచ్చుకో. గోడకు పోసిన ఆ పునాది మీద కూచోని చదువు."

అట్లా మొదలయింది. ఏసురాజు పునాది మీద కూర్చుని మొదటి పేజీ నుంచి, ఉన్నది ఉన్నట్టు, ఒక్క మాట కలపకుండా చదివి తెలుగులో చెప్పసాగాడు. పదేళ్లుగా ఆ పుస్తకం ఆయన దగ్గర ఉన్నా మొదటి మూడు అధ్యాయాలు ఎన్నడూ చెప్పలేదు. వాటిలో ఆట లేదు. జెబ్ మాలరీ చిన్నప్పుడు వాళ్ల నాయనకు రాళ్ల చేను ఒకటి ఉండేది. దున్నాలంటే ముందు రాళ్లు ఏరాలి. ఏడాదికేడాది ఏరినా మళ్లీ రాళ్లు పైకి తేలేవి. జెబ్ పొద్దుటినుంచి మాపటిదాకా రాళ్లు ఏరి, గట్టు అవతలికి విసిరేవాడు. విసిరి విసిరి వాడి చెయ్యి అట్లా తయారయింది. వాళ్లమ్మ చేతులు పగిలి నెత్తురు కారేవి. రాత్రిపూట ఆమె ఆముదం రాసుకునేదో, ఇంకేం రాసుకునేదో, ఏసురాజుకు ఆ ఇంగ్లీషు మాట తెలియలేదు. తెలియదనే చెప్పాడు.

"ఆముదమే అయ్యుంటుంది," అంది ఈరక్క. తల మీద రాయి అట్లాగే పెట్టుకుని నిలబడిపోయింది. "పాపం బిడ్డ. ఈ సంగతి మాకెందుకు చెప్పకపోతివి ఇన్నాళ్లు?"

ఈ ఊళ్లో రాళ్లు మోసేవాళ్లకు రాళ్ల కథ ఏం రుచిస్తుందని ఆయన అనుకున్నాడు. రైళ్లు, దూరదేశాలు కావాలనుకున్నాడు.

మోసేవాళ్లతో ఒక చిక్కు వచ్చింది. రాయి దించినంత సేపే కథ వినబడుతుంది. గుట్టకు పోయివచ్చేలోగా పేజీ తిరిగిపోతుంది. "నేను పొయ్యేటప్పటికి వాళ్ల నాయన జ్వరంతో ఉండె, ఇప్పుడేమాయె?" అని ఒకరు, "ఎనక్కి పో, ఎనక్కి పో, నేను వినలే" అని ఇంకొకరు. వినని ముక్కను విన్నవాళ్లు దారిలో ఎదురైనప్పుడు చెప్పేవాళ్లు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ కథ అందించుకుంటూ, నడిమధ్య నిలబడి వాదించుకునేవాళ్లు. వారం తిరిగేసరికి నారాయణ శెట్టి బండి కూడా గుడి ముందర ఆగింది. సంతకు పోతూ ఒక్క నిమిషం వింటానన్నాడు. "ఊరికే వినేది లేదు, రాయి తేవాల" అని ఓబన్న అడ్డుపడితే, ఆ పొట్టతో గుట్ట దాకా పోయి, కోడిగుడ్డంత రాయి ఒకటి తెచ్చి, అరగంట విని పోయాడు.

ఏసురాజు వాళ్లందరినీ చూస్తూ చదివేవాడు. కరువుకాలం, గంజితాగి వచ్చినవాళ్లు, కాళ్లకు చెప్పులు లేనివాళ్లు. ఆయన పుస్తకం పొట్లాలు కాకుండా ఉండటానికి తలల మీద రాళ్లెత్తుకుని వస్తున్నారు. ఒక్కొక్కరు రాయి దించినప్పుడు, పేజీ మీద నుంచి తల ఎత్తి, వాళ్ల మొహం చూసి, మళ్లీ చదివేవాడు. ఆ కొద్ది క్షణంలో ఆయన ఏం చెప్పుకునేవాడో ఎవరికీ వినబడలేదు. గొంతు పెద్దదైన మనిషి కృతజ్ఞత మాత్రం మెల్లగానే చెప్పుకునేవాడు. ఆ నెలలోనే జెబ్ మాలరీకి ఉత్తరం రాశాడు. "మీ పుస్తకం ఇప్పుడు నాది కాదు, మా ఊరిది. మీ సంతకం పక్కన మా ఊరివాళ్లు ముప్పై ఆరుమంది వేలిముద్రలు వేశారు. ఈరక్క అనే ఒకామె మీ అమ్మగారి చేతుల గురించి అడగమంది" అని.

విశ్వాసమ్మ మిగిలిన నాలుగు పుస్తకాలనూ ట్రంకుపెట్టెలోంచి తీసి, గుడిలో బీరువాలో పెట్టింది. ఈసారి ఆయన చెయ్యి ఆమె చెయ్యిలోకి వచ్చి వణకలేదట.

ఆ గోడ ఇప్పటికీ నిలబడి ఉంది. కింది మూడు వరుసల్లో ఇద్దరు మోసుకొచ్చినంత పెద్ద పెద్ద బండలున్నాయి. ఆపైన రాళ్లు ఉన్నట్టుండి చిన్నవైపోతాయి, వరుస పెరిగేకొద్దీ ఇంకా చిన్నవి, పైవరుసకు వచ్చేసరికి పిడికిట్లో పట్టేంతవే. కొత్తగా వచ్చిన పాదిరి ఎవరో ఇదేం కట్టుబడి అని అడిగితే ఓబన్నే చెప్పాడు. పెద్దరాయి ఎత్తుకుంటే నడక నిదానమై కథ తప్పిపోతుందని, మూడో అధ్యాయం కాడినుంచి అందరూ చిన్న రాళ్లే ఏరుకుని, పరుగున తిరిగొచ్చేవాళ్లట.